కత్తి అని ఉంటే సరిపోయేది

పంజాగుట్టలో ఒక పళ్ల డాక్టరు క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగం నాది. వచ్చినవాళ్ల పేరు రాసుకోవడం, ఫోనెత్తడం, వంతు వచ్చినప్పుడు లోపలికి పంపడం నా పని. మా ఆయనకు మైత్రీవనం వెనక సందులో జిరాక్స్ షాపుంది. కోచింగ్ పిల్లలకు నోట్సులు తీసి ఇస్తాడు. ఇల్లు మధురానగర్‌లో, ఒక లేడీస్ హాస్టల్ పక్కనే, రెండు గదుల వాటా. మాకు ఒక్కతే కూతురు. ఈ సంగతి జరిగేనాటికి అది ఏడో తరగతి.

నేను చదివింది మా ఊరి తెలుగు మీడియం బడిలో. ఇంగ్లీషు నెమ్మదిగా చదివితే అర్థమవుతుంది. మాట్లాడటమంటే క్లినిక్‌కు సరిపడా వచ్చు. అక్కడ రోజూ అవే పది మాటలు కాబట్టి నాకు బాగా వచ్చనే అనుకునేదాన్ని.

కూతురిది ఇంగ్లీషు స్కూలు. ఇంటికి రాగానే బ్యాగు ఒక మూలకు విసిరి, బూట్లు కూడా విప్పకుండా పుస్తకం పట్టుకుని కూర్చునేది. అన్నీ మంత్రాల కథలు, డ్రాగన్ల కథలు. మా వీధి చివర ఒక పెద్దావిడ తన మేడ మీద పిల్లల లైబ్రరీ నడుపుతారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రిటైర్డు టీచరు. మా అమ్మాయి ఆ పుస్తకాలన్నీ అక్కడినుంచే తెచ్చుకునేది.

"ఏం చదువుతున్నవే?" అని ఒకసారి అడిగాను.

"నీకు తెల్వదులే మమ్మీ" అంది, పేజీ తిప్పుతూ.

కోపంతో అన్నది కాదు, పొగరుతోనూ కాదు. నాకు నిజంగానే తెలియదు కాబట్టి అంది. ఆ మామూలుతనమే నన్ను గుచ్చింది. అప్పటికి కొన్నాళ్లుగా మా ఇద్దరి మధ్య మాటలంటే తిన్నావా, హోంవర్కు అయిందా, జడ వేసుకో అన్నవే మిగిలాయి.

మర్నాడు అది చదవడం అయిపోయి మంచం మీద వదిలేసిన పుస్తకాన్ని నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. నల్ల అట్ట, మీద వెండి రంగు డ్రాగను. భోజనం వేళ క్లినిక్‌లో వెనక గదిలో తెరిచాను. మొదటి పేజీకి మూడుసార్లు ఫోనులో డిక్షనరీ చూశాను. రెండో పేజీకి ఇంకా ఎక్కువసార్లు చూశాను. తర్వాత ఎప్పుడో చూడటం మానేశాను. మాట తెలియకపోయినా గుర్రం పరిగెత్తుతూనే ఉంది, వెనక ఎవరో తరుముతూనే ఉన్నారు. నాకు చిన్నప్పటి రోజులు గుర్తొచ్చాయి. మా నాయన మార్కెట్టుకు వెళ్లినప్పుడల్లా పిల్లల కథల పత్రిక తెచ్చేవాడు. అందులో మాంత్రికులు, గుహలు, మాట్లాడే పక్షులు. ఇవీ అవే కదా అనిపించింది. నాకు తెలియనిదేమీ కాదు.

ఒకరోజు డాక్టరుగారు ఏదో ఫైలు కోసం వెనక గదిలోకి వచ్చి, నా చేతిలో పుస్తకం చూశారు.

"పాపదా?" అన్నారు నవ్వుతూ.

"అవును సార్. బ్యాగులో వచ్చేసింది" అన్నాను.

చెవులు వేడెక్కాయి. నలభైకి దగ్గరపడ్డ మనిషిని, పిల్లల పుస్తకం చదువుతూ దొరికిపోయినందుకు సిగ్గు. అందుకోసం అబద్ధమాడినందుకు ఇంకాస్త. ఆ రోజునుంచి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి చదివాను.

ఆ పుస్తకం పూర్తవుతుండగా అమీర్‌పేటలో మెట్రో మారి పంజాగుట్టలో దిగాల్సినదాన్ని, ఉన్నది ఒక్క స్టేషనే అయినా తలెత్తకుండా ఖైరతాబాద్ దాకా వెళ్లిపోయాను. సాయంత్రం ఈ సంగతి కూతురికి చెప్పాను. అది మొదట నమ్మలేదు. తర్వాత పడీపడీ నవ్వింది. ఏ అధ్యాయం దగ్గర అని అడిగింది. చెప్పాను. "అక్కడ నేను సుత అన్నం తినలే మమ్మీ!" అంది. నా పక్కన వచ్చి కూర్చుంది.

అలా మొదలైంది. నల్ల అట్టలవి ఒక రచయితవి. అవి అయ్యాక పచ్చ అట్టలవి తెచ్చింది. అవి వేరే రచయిత్రివి. స్కూల్లో పిల్లలందరూ ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప అని గొడవ పడతారట. మేమూ వాళ్ల పేర్లు పలకడం మానేసి, నల్లాయన, పచ్చామె అనుకునేవాళ్లం, పక్క వాటాలో ఉండేవాళ్లను అన్నట్టు.

నా కూతురు నల్లాయన పక్షం. ఆయన ఊపిరి తిప్పుకోనివ్వడు. ప్రతి అధ్యాయమూ ఎవరో ఒకరు కొండ అంచున వేలాడుతుండగా అయిపోతుంది. కథానాయకుడు పుట్టకముందే వాడు లోకాన్ని కాపాడతాడని ఎవరో చెప్పేసి ఉంటారు. పెద్దవాళ్లంతా మొద్దులు. పిల్లలే అన్నీ చేయాలి.

నేను పచ్చామె పక్షం. ఆమె కథంతా చిత్తడి నేలలో బతికే ఒక పిల్ల గురించి. ఆ పిల్ల గొప్పదేమీ కాదు. మంత్రం వేస్తే రెండ్రోజులు లేవలేదు. ఎవరో ఒకరు గంజి కాచి తాగించాలి.

"పచ్చామె పుస్తకంల ఏం జరగదు మమ్మీ. యాభై పేజీలు వాన పడుతది, గంతే" అనేది నా కూతురు.

"నల్లాయన పుస్తకంల అంత పెద్ద సైన్యం నెల రోజులు నడుస్తది. ఎవ్వడన్న పొయ్యి ముట్టిచ్చిండా? ఏం తిన్నరే వాళ్లు?"

"యుద్ధానికి పోతుంటే నీకు వంట గోలేంది?"

"వండేదాన్ని నేను కదా, నాకు గదే కనిపిస్తది."

ఇది చపాతీలు చేసేటప్పుడు, బట్టలు మడిచేటప్పుడు నడిచేది. మా ఆయన షాపు నుంచి వచ్చి మా ఇద్దరినీ వింతగా చూసేవాడు. "గా పిల్లల బుక్కులు నీకెందుకే?" అన్నాడొకసారి. కూతురే జవాబిచ్చింది: "నీకు తెల్వదులే డాడీ." ఆ మాటకు నేనెంత పొంగిపోయానో చెప్పలేను.

ఆ ఎండాకాలం సెలవుల ముందు లైబ్రరీ ఆవిడ ఒక ఆదివారం చర్చ పెట్టారు. ఈ ఇద్దరు రచయితల్లో ఎవరు గొప్ప? పిల్లలు రెండు పక్షాలుగా కూర్చుని మాట్లాడాలి. తల్లిదండ్రులూ రావచ్చు.

"పచ్చామె దిక్కు ఎవ్వరు లేరు మమ్మీ. ఇద్దరు చిన్న పిల్లలు తప్ప. నువ్వు మాట్లాడతవా?" అంది కూతురు.

"నేనా? గంత మందిల?"

"ఇంట్ల మాట్లాడినట్టే మాట్లాడు. నువ్వు మస్తు చెప్తవు."

వారం రోజులు వంట చేస్తూ, మెట్రోలో నిలబడి, మనసులోనే మాటలు పేర్చుకున్నాను. ఏ చీర కట్టుకోవాలో కూడా ఆలోచించాను. చివరికి చీర వద్దని, కొత్త చుడీదార్ వేసుకున్నాను.

లైబ్రరీ అంటే మేడ మీద ఒక హాలు. చాపలు పరిచి ఉన్నాయి. ఓ ఇరవై మంది పిల్లలు, గోడ వెంబడి ప్లాస్టిక్ కుర్చీల్లో ఏడెనిమిది మంది తల్లులు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి ఇంగ్లీషులో గడగడా మాట్లాడారు. నా కూతురు నల్లాయన తరఫున చాలా బాగా మాట్లాడింది. ఆయన పుస్తకం పట్టుకుంటే భయం వేస్తుందని, భయం వేసినా వదలబుద్ధి కాదని, అలా చేయగలిగినవాడే గొప్పవాడని చెప్పింది. చప్పట్లు కొట్టారు. ఇద్దరు తల్లులు కూడా లేచి తలా రెండు మాటలు చెప్పారు.

లైబ్రరీ ఆవిడ నావైపు తిరిగారు. "మీరు కూడా చదివారటగా! రండమ్మా, వచ్చి చెప్పండి. తెలుగులోనే చెప్పండి, అందరికీ అర్థమవుతుంది."

తెలుగులోనే చెప్పండి అన్న మాట నాకు నచ్చలేదు. అప్పటిదాకా మాట్లాడిన ఏ తల్లికీ ఆ మాట చెప్పలేదు. ఆవిడ మంచికే అన్నారేమో. నేను మాత్రం లేచేటప్పుడే, వచ్చినంత ఇంగ్లీషు కలిపి మాట్లాడాలని నిర్ణయించుకున్నాను.

నా దగ్గర మంచి మాట ఒకటుంది. నల్లాయన పుస్తకాల్లో ప్రతివాడి చేతిలోనూ కత్తి ఉంటుంది. ఆ కత్తులకు పేర్లుంటాయి, అవి మెరుస్తాయి, మనుషుల్ని చంపుతాయి. పచ్చామె పుస్తకంలో చిత్తడి నేల పిల్లకు చనిపోయిన తండ్రి కత్తి ఒకటే దొరుకుతుంది. అందరూ యుద్ధానికి వెళ్లమంటారు. ఆ పిల్ల మాత్రం ఆ కత్తితో రెల్లు కోసి, వాన కురిసే ఇంటికి కప్పు వేసుకుంటుంది. అది చదివి నేను క్లినిక్‌లో కళ్లు తుడుచుకున్నాను. అదే చెప్పాలనుకున్నాను.

కత్తి అని ఉంటే సరిపోయేది. నేను కత్తి అనలేదు. పుస్తకంలో ఆ మాట వందలసార్లు చూశాను కదా, దాన్నే వాడాను. ఉన్న అక్షరాలన్నీ కలిపి, "స్వార్డ్" అన్నాను.

"నల్ల పుస్తకాల్లో ప్రతి హీరోకూ ఒక స్వార్డ్ ఉంటుంది" అన్నాను. ముందు వరసలో ఇద్దరు పిల్లలు కిసుక్కుమన్నారు. నా మాట బాగుందని నవ్వారనుకున్నాను. ఉత్సాహం వచ్చింది. "స్వార్డ్ లేకుండా వాళ్లు అన్నం కూడా తినరు" అన్నాను. ఈసారి ఇంకా ఎక్కువ మంది నవ్వారు. ఒక తల్లి కూడా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను వాళ్లతో పాటు నవ్వాను. చెయ్యి గాల్లో తిప్పుతూ, "స్వార్డ్ మీద స్వార్డ్, స్వార్డ్ మీద స్వార్డ్" అన్నాను. హాలంతా గొల్లుమంది. నా జీవితంలో ఒక గదినిండా మనుషుల్ని నవ్వించడం అదే మొదటిసారి. నేను ఇంత బాగా మాట్లాడతానా అనుకున్నాను.

అప్పుడు పచ్చామె పక్షంలో కూర్చున్న చిన్నపిల్ల ఒకతి, నిజంగానే తెలియక, చెయ్యెత్తి అడిగింది: "ఆంటీ, స్వార్డ్ అంటే ఏంటి?"

పక్కపిల్ల దాని చెవిలో చెప్పాననుకుంది గానీ, అందరికీ వినిపించింది: "సోర్డ్ అనాలి. ఆంటీకి పలకడం రాదు."

నవ్వు ఆగిపోయింది. ఆ ఆగడం నవ్వుకన్నా కష్టంగా ఉంది. లైబ్రరీ ఆవిడ గబుక్కున అందుకున్నారు. "ఏంటమ్మా అలా అంటారు? ఒక్కో ఊళ్లో ఒక్కోలా పలుకుతారు. మీరు చెప్పండి, చాలా బాగా చెప్తున్నారు."

ఏ ఊళ్లోనూ అలా పలకరని ఆవిడకూ తెలుసు, నాకూ అప్పటికి తెలిసిపోయింది. నేను కూతురివైపు చూశాను. అది చాప అంచు పోగులు లాగుతూ కూర్చుంది. తలెత్తలేదు.

"అంతేనండి" అని కూర్చున్నాను. రెల్లుగడ్డి సంగతి చెప్పనే లేదు.

తర్వాత చేతులెత్తించారు, నల్లాయన గెలిచాడు. బిస్కెట్లు పంచారు. నా చేతిలోని బిస్కెట్టు చెమటకు మెత్తబడిపోయింది. ఒకావిడ నా దగ్గరికి వచ్చి, "ఈ వయసులో మీరు ఇంగ్లీష్ నేర్చుకోవడం చాలా గ్రేట్ అండి" అంది. నేను థాంక్స్ చెప్పాను. ఆ మాటైనా సరిగ్గా పలికానో లేదో అనిపించింది.

మెట్లు దిగి వీధిలోకి వచ్చాం. ఇస్త్రీ బండి దాటాక అడిగాను.

"నీకు తెలుసా, అది అట్ల అనొద్దని?"

అది తలూపింది.

"ఎప్పటి సంది తెలుసు?"

"ఫస్ట్ నుంచే. ఇంట్ల నువ్వు గట్లనే అంటవు కదా."

"మరెందుకు చెప్పలే?"

అది రోడ్డు మీది రాయినొకదాన్ని కాలితో తన్నింది. తర్వాత నెమ్మదిగా అంది: "చెప్తే నువ్వు చదువుడు బంద్ చేస్తవేమోనని."

అక్కడ ఆగి ఆ పిల్లను దగ్గరకు తీసుకోవలసింది. తల్లి మనసు చిన్నబుచ్చకూడదని అన్ని రోజులు నోరు నొక్కుకున్న పిల్ల అది. కానీ నా చెవుల్లో ఇంకా ఆ నవ్వే మోగుతోంది. నేను చెయ్యి తిప్పుతూ అన్న "స్వార్డ్ మీద స్వార్డ్" మోగుతోంది.

"మంచిగైంది. గంత మందిల నా ఇజ్జత్ తీపిచ్చినవు" అన్నాను. "ఇగ బంద్ చేస్త, చూడు."

అది ఏడవలేదు. తలవంచుకుని నా వెనకే నడిచింది.

అన్నట్టే బంద్ చేశాను. సగంలో ఉన్న పుస్తకాన్ని దాని బల్ల మీద పెట్టేశాను. రెండ్రోజుల తర్వాత ఆ పుస్తకం ఫ్రిజ్ మీదికి వచ్చింది, నేను ఆపిన పేజీలో ఒక చాక్లెట్ కాగితం పెట్టి. నేను చూసి కూడా చూడనట్టు పాలగిన్నె లోపల పెట్టి తలుపేశాను. ఇంకొన్ని రోజులు అది అక్కడే ఉంది. గడువు వచ్చాక అమ్మాయే తీసుకెళ్లి లైబ్రరీలో ఇచ్చేసింది.

మా ఆయనకు చెబితే తేలిగ్గా కొట్టిపారేశాడు. "గా దానికేనా? నేను షాపుల రోజంత తప్పే మాట్లాడుత. ఎవడు పట్టించుకుంటడు? ఫికర్ చేయకు." ఆయన అన్నది నిజమే. నాకు ఎక్కలేదు. క్లినిక్‌లో అన్నేళ్లుగా వాడుతున్న మాటలంటే కూడా భయం పట్టుకుంది. ఫోనులో అపాయింట్‌మెంట్ అనడానికి బదులు టైము అనేదాన్ని. పేషెంట్లు ఎవరైనా నవ్వితే నన్ను చూసే నవ్వారేమోనని తల దించుకునేదాన్ని.

ఇంట్లో మళ్లీ తిన్నావా, హోంవర్కు అయిందా మిగిలాయి. అది ఎనిమిదో తరగతికి వచ్చింది. ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు గానీ, చేతిలో పుస్తకం పోయి ఫోను వచ్చింది. కొరియా సీరియళ్లు చూడటం మొదలుపెట్టింది. లైబ్రరీకి వెళ్లడం మానేసింది.

మళ్లీ వేసవి వచ్చింది. ఒక మధ్యాహ్నం క్లినిక్‌కు ఒకామె కూతురిని తీసుకొచ్చింది. పంటికి క్లిప్పులు వేయించడానికి. ఆ పిల్ల ఒళ్లో పచ్చ అట్ట పుస్తకం ఉంది. కానీ ఆ బొమ్మ నేను ఎప్పుడూ చూడనిది.

నాకు తెలియకుండానే అడిగేశాను. "ఇది కొత్తదా?"

"లాస్ట్ పార్ట్ ఆంటీ. మొన్ననే వచ్చింది" అంది ఆ పిల్ల.

"ఇంటి పైకప్పు ఉందా, పోయిందా?"

ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసింది. "మీరు చదివారా! చెప్పకూడదు ఆంటీ. మీరే చదవాలి."

సాయంత్రం మెట్రో దిగి, ఇంటికి పోకుండా నేరుగా లైబ్రరీ మెట్లెక్కాను. ఏడాదిగా ఆ వీధి చివరకు వెళ్లాల్సి వస్తే ఎదురు పక్కనుంచి నడిచేదాన్ని. లైబ్రరీ ఆవిడ కళ్లద్దాలు సరిచేసుకుని నన్ను చూశారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఆ రోజు చర్చలో మధ్యలోనే కూర్చుండిపోయాను... నేనే" అన్నాను.

"ఏ రోజండీ?" అన్నారావిడ.

చెప్పాను. ఆవిడ గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించారు. "పోయినేడు ఎండాకాలమా? చాలామంది తల్లులు వచ్చారు కదమ్మా. మీరు మాట్లాడారా? ఏమనుకోకండి, నాకిప్పుడేదీ గుర్తుండి చావదు." మర్యాదకు అన్నది కాదు. నిజంగానే గుర్తులేదు. నా పేరు అడిగి, పుస్తకం ఇచ్చారు.

మెట్లు దిగుతుంటే తేలికపడాల్సింది. కానీ ఆ ఆదివారం నాకు పట్టిన సిగ్గు దీని ముందు ఏ మూలకూ రాదు. ఆ హాల్లో ఎవరికీ గుర్తులేని ఒక్క మాట కోసం నా బిడ్డతో ఏడాది ముభావంగా ఉన్నాను. కథలంటే ప్రాణమైన పిల్ల ఆ ఏడాదిలోనే వాటిని వదిలేసింది. అది మళ్లీ ఏడో తరగతి చదవదు.

చివరి పుస్తకం ఒక్కదాన్నే చదివాను. అట్ట వేయలేదు. డాక్టరుగారు చూసి పాపదా అంటే, "నాదే సార్" అన్నాను. ఆయన సరేనని వెళ్లిపోయారు.

ఆదివారం సాయంత్రం కూతురు గోడకానుకుని ఫోను చూస్తోంది. పక్కన కూర్చున్నాను.

"పచ్చామె కథ అయిపోయింది" అన్నాను.

అది ఒక చెవిలోంచి ఇయర్‌ఫోను తీసింది. "లాస్టుకు ఏమైంది?"

చెప్పాను. చిత్తడి ఎండిపోవడం, ఆ పిల్ల ఊరు వదిలి వెళ్లాల్సి రావడం, పోతూపోతూ ఇంటి కప్పు విప్పి పొరుగువాళ్లకు ఇచ్చెయ్యడం. ఈసారి కత్తి అనే అన్నాను. అది చివరిదాకా విన్నది.

"మస్తుంది" అంది. తర్వాత, "ఆమె బుక్సు నాకు అంత నచ్చకపోతుండె మమ్మీ. నువ్వు నాతోని మాట్లాడతవని చదివిన" అంది.

"ఆ రోజు నేను నిన్ను అట్ల..." అని మొదలుపెట్టాను.

"తెలుసు మమ్మీ" అంది అది, నన్ను పూర్తి చేయనివ్వకుండా. ఏ రోజని అడగలేదు.

కాసేపటికి ఫోనును నావైపు కొంచెం తిప్పి, ఇయర్‌ఫోను తీసి పక్కన పెట్టింది. ఎవరో అమ్మాయి వానలో బస్సు కోసం నిలబడి ఉంది. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి, నేను సగం చదివేలోగా పోతున్నాయి. అది నవ్వితే నేనూ నవ్వాను. మళ్లీ నవ్వింది, మళ్లీ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో నాకు తెలియదు. అడగాలంటే సిగ్గేసింది.

ఇంకో రెండు వరసలు పోయాక, "ఆపు బిడ్డా" అన్నాను. "జల్ది పోతున్నయి. నాకు చదవొస్తలేదు. ఏమన్నడు వాడు?"

అది వేలితో ఆపి, వెనక్కి జరిపి, మొదటినుంచి చదివి చెప్పింది.